వాకిట్లో భూగోళం

పోయిన నెల మా మనవరాలు బడిలో ఏదో ప్రదర్శన ఉందని చెప్పి, అట్టపెట్టెలో తయారుగా దొరికే అగ్నిపర్వతాన్ని ఒకదాన్ని తెప్పించుకుంది. పొట్లంలోని పొడి వేసి, సీసాలోని ఎర్ర ద్రవం పోయగానే అది బుసబుసమని పొంగింది, పిల్ల చప్పట్లు కొట్టింది, ఫోన్లో వీడియో తీసుకుంది, ఆ తరువాత దాని మొహం చూడలేదు. వికారాబాద్‌లో మేముంటున్న ఈ రెండో అంతస్తు ఇంట్లో, బాల్కనీ టైల్స్ మీద ఆ ఎర్ర మరకలను తడిగుడ్డతో తుడుస్తూ కూర్చున్న నాకు, ఇరవై ఏళ్లకు ముందటి మా తాండూరు వాకిలి ఉన్నట్టుండి కళ్ల ముందుకు వచ్చింది. పదో తరగతి పిల్లల్ని ఇంట్లో పెట్టుకుని, వాళ్ల కంటే ఎక్కువగా తామే పరీక్షలకు భయపడ్డ నా ఈడు తల్లులు ఎవరైనా ఇది చదివితే, కొంత నవ్వుకుంటారనీ, కొంత తమ సంగతే అనుకుంటారనీ రాస్తున్నాను.

నేను పుట్టింది మోమిన్‌పేట్ దగ్గర ఒక పల్లెలో. తాతల నాడు మాకు గొర్రెల మందలుండేవట, నాన్న కాలానికి మంద కరిగి రెండు మెట్ట చెలకలు మిగిలాయి. ఆ చెలకల మీద ఆధారపడ్డ ఇంట్లోంచి ఒక ఆడపిల్ల రోజూ బస్సెక్కి వికారాబాద్ పోయి ఇంటర్మీడియట్ చదవడమే ఆ రోజుల్లో పెద్ద విశేషం. సైన్సు అంటే నాకు ప్రాణం. గాజు గొట్టంలో రంగు మారుతుంటే అందరికంటే ముందుకు వంగి చూసేదాన్ని, ఎప్పటికైనా టీచర్ని కావాలని లోలోపల అనుకునేదాన్ని. ఇంటర్ పరీక్షలు రాసిన ఎండాకాలంలోనే పెళ్లయింది. మా ఆయన తాండూరులో కందిపప్పు మిల్లులో పని చేసేవారు. మా చిన్న ఇంటి వాకిలి, అరుగు, నీళ్ల తొట్టి, బట్టలుతికే బండ, చివరికి దొడ్డి గోడ కూడా నాపరాళ్లే. వీధి చివర పాలిషింగ్ యూనిట్లలో రాళ్లు కోసే చప్పుడు పొద్దస్తమానం వినపడేది. చెట్ల ఆకుల మీద తెల్లటి పొడి పేరుకుని, మొదటి వాన పడేదాకా ఆ ఊళ్లో పచ్చదనం అంటే ఏమిటో తెలిసేది కాదు. మొదట్లో ఆ చప్పుడుకు నిద్ర పట్టేది కాదు, తరువాత తరువాత అది ఆగితే మెలకువ వచ్చేది.

మా గోడకు అవతలి ఇల్లు మా అమ్మాయి చాచీ, అంటే పిన్నీ, అని పిలిచే ఆవిడది. నేనూ అలాగే పిలిచేదాన్ని. ఆవిడ భర్త అలాంటి ఒక యూనిట్‌లోనే కోత యంత్రం మీద పని చేసేవాడు, నన్ను చెల్లె అనేవాడు. వాళ్ల పెద్దబిడ్డ, మా అమ్మాయి ఒకే బడి, ఒకే తరగతి. ఆ పిల్ల లెక్కల్లో మెరిక, కూడికలు నోటితోనే చేసేది. కానీ ఇంట్లో ఉర్దూ, వీధిలో మా తెలుగు తప్ప పుస్తకాల తెలుగు దాని నాలుకకు ఎక్కేది కాదు. వాళ్లు పదో తరగతికి వచ్చిన ఏడాది సోషల్ టీచరుకు బదిలీ అయి, ఆ స్థానంలో చాలాకాలం ఎవరూ రాలేదు. ఖాళీగా ఉన్న టీచర్లు వంతులవారీగా వచ్చి పాఠం చదివించి వెళ్లిపోయేవారు. మా అమ్మాయి అర్థమైనా కాకపోయినా బట్టీ పట్టేది. చాచీ బిడ్డకు బట్టీ చేతకాదు. అక్షాంశం, రేఖాంశం, భ్రమణం, పరిభ్రమణం అనే మాటలు దానికి దారికి అడ్డంగా పడ్డ బండల్లా ఉండేవి.

ఒకరోజు తరగతిలో గోడకు పటం తగిలించి, తూర్పు ఎటుందో చూపించమని ఆ పిల్లను నిలబెట్టారట. పటంలో కుడిచేతి వైపు చూపించాల్సింది పోయి, అది వెనక్కి తిరిగి, పొద్దున ఎండ లోపలికి వచ్చే కిటికీని చూపించింది. తరగతి తరగతంతా నవ్వింది. సాయంత్రం ఇంటికి వచ్చి పుస్తకాల సంచీని అటక మీద పడేసి, ఇక బడికి పోనని కూర్చుంది. కొట్టినా పోనంది, తిట్టినా పోనంది. వాళ్ల నాన్న కఠినుడేం కాదు, కానీ పనిలో అలసి వచ్చే మనిషి. వద్దంటే వద్దులే, బషీరాబాద్‌లో నానీ, అంటే అమ్మమ్మ, ఒక్కతే ఉంది, అక్కడికి పంపిస్తే ఆమెకు తోడుంటుంది అన్నాడు. చాచీ గోడ దగ్గరికి వచ్చి కొంగుతో కళ్లొత్తుకుంటూ ఈ సంగతంతా చెప్పింది.

నాకు దుఃఖం కంటే కోపం ఎక్కువ వచ్చింది. ఎందుకంటే ఆ పిల్ల చూపించింది నిజమైన తూర్పు. కాగితం మీది తూర్పు తెలిసినవాళ్లంతా కలిసి, పొద్దు పొడిచే తూర్పు తెలిసినదాన్ని చూసి నవ్వారు. ఆ సాయంత్రమే వాళ్ల గుమ్మం ముందు నిలబడ్డాను.

"భాయ్‌సాబ్, అర్ధ సంవత్సరం పరీక్షల దాంక పిల్లను నాకిడిసిపెట్టుండ్రి. అండ్ల పాస్ గాకుంటే మీ ఇష్టం."

ఆయన మెల్లగానే అడిగాడు. "బడిల సార్లు చెప్తెనే వస్తలేదు. నువ్వెట్ల చెప్తవు చెల్లె?"

ఎట్లా చెబుతానో నాకే తెలియదు. ఎట్లనో ఒకట్ల చెప్తనని మాత్రం అన్నాను. ఇంటికి వచ్చి మా అమ్మాయి సోషల్ పుస్తకం తెరిచి చూస్తే, నాకూ అది దాదాపు మర్చిపోయిన దేశమే. అయితే ఒక్క నిర్ణయం మాత్రం గట్టిగా చేసుకున్నాను. కంటితో చూసి, చేత్తో తాకేదాకా పుస్తకంలోని మాట ఒక్కటీ దాని ముందు పలకకూడదు. సంగతి ముందు, పేరు తరువాత.

మొదటి ఆదివారం వాకిట్లో రెండు బండల సందులో ఒక కర్ర పాతాం. పొద్దుటి నుంచి దాని నీడ ఎటు పడితే అటు సుద్దముక్కతో గీతలు గీయమన్నాను. పొద్దున పడమటి గోడ దాకా సాగిన నీడ, మధ్యాహ్నానికి కర్ర కాళ్ల కిందికి ముడుచుకుని, సాయంత్రానికి తూర్పు గోడ ఎక్కింది. మూతి ముడుచుకుని వచ్చిన పిల్ల భోజనానికి పిలిచినా లేవకుండా ఆ గీతల ముందే కూర్చుంది. ఇంకో రోజు, చీకటి పడ్డాక కరెంటు పోతే, లాంతరు మధ్యలో పెట్టి, బత్తాయి పండుకు స్వెటరు అల్లే సూది గుచ్చి, తాండూరు ఉండే చోట ఒక బొట్టుబిళ్ల అంటించాను. మా అత్తమ్మకు ఇదంతా వింతగా ఉండేది. పండ్లు తినేటందుకా, సూదులు గుచ్చేటందుకా అని అరుగు మీది నుంచి గొణిగేది. పిల్లలిద్దరూ పండును తిప్పారు. బొట్టు వెలుతురులోకి వచ్చింది, చీకట్లోకి పోయింది, మళ్లీ వెలుతురులోకి వచ్చింది. చాచీ బిడ్డ తిప్పడం ఆపేసింది.

"అంటె ఖాలా, పొద్దు యాడికి పోతలేదు. మనమే మర్లుతున్నం."

అమ్మ చెల్లెలిని వాళ్లు ఖాలా అంటారు, నన్నూ అలాగే పిలిచేది. అవును బిడ్డా, ఇట్లా తనచుట్టు తాను తిరగడాన్నే మీ పుస్తకంలో భ్రమణం అన్నారని అప్పుడు చెప్పాను. గింతేనా, దీనికి అంత పెద్ద పేరు ఎందుకు పెట్టిన్రు అని అది ఫక్కున నవ్వింది. ఎన్నో రోజుల తరువాత దాని నవ్వు విన్న చాచీ గోడ అవతల పని ఆపి నిలబడిపోయింది.

అన్నీ ఇలాగే కుదిరాయని అనుకునేరు. ఉత్సాహం ఎక్కువై నేనూ ఒక అగ్నిపర్వతం కట్టాను. ఎర్రమట్టి కుప్పలో సీసా పాతి, తినే సోడా వేసి నిమ్మరసం పోస్తే, నురగ పొంగి, అత్తమ్మ పురుగు పట్టకుండా ఎండబోసిన కందిపప్పు చాప మీదికి పారింది. ఆ రోజు మా ఇంట్లో అసలైన అగ్నిపర్వతం అత్తమ్మే. ఇక వాకిట్లో ఈ ఆటలు సాగవని తేల్చి చెప్పింది. పైగా పిల్లల్ని మర్నాడు అడిగితే, నురగ గుర్తుంది గాని కొండ సంగతి ఒక్క ముక్క గుర్తు లేదు. కళ్లకు పండుగ చేసినంత మాత్రాన పాఠం కాదని ఆనాడే తెలిసి, మళ్లీ దాని జోలికి పోలేదు. మా ఆయన మధ్యస్థంగా, కొన్నాళ్లు ఆపితే పోలేదా అన్నారు. ఆపితే బషీరాబాద్ బస్సు సిద్ధంగా ఉంటుందని నాకు తెలుసు. మా సరంజామా అంతా మోసుకుని గోడ అవతలి చాచీ వాకిట్లోకి మారాను.

చాచీకి చదువు లేదు గాని మా బడిలో అందరికంటే సరదా విద్యార్థి ఆవిడే. నీళ్లు ఆవిరై, మబ్బై, మళ్లీ వానగా పడడం ఎలాగో చూపించడానికి నేను పొయ్యి మీద గిన్నె పెట్టి, మూత మీద చన్నీళ్లు చల్లి, మూత కింద బొట్లు చేరి టపటప రాలడం చూపిస్తుంటే, మా ఇంట్ల అన్నం వండినప్పుడల్ల వాన పడ్తదని ఇన్నొద్దులు నాకు తెల్వకపాయె అని నవ్వి నవ్వి గోడకు ఆనుకుంది.

ఆవిడ భర్త మాత్రం రోజూ మమ్మల్ని చూసీ చూడనట్టు లోపలికి పోయేవాడు. నేను నాపరాళ్ల పాఠానికి వచ్చిన రోజున మాత్రం ఆగాడు. మేము వాకిట్లోని బండ మీద నిమ్మరసం పిండి ఏమీ కనిపించక నిరాశపడి, ఇంకో రాతి ముక్కను అరగదీసి, ఆ పొడి మీద పిండుతున్నాం. ఈసారి పొడిలోంచి సన్నటి బుడగలు లేచాయి. ఇది సున్నపు జాతి రాయి, పులుపు తగిలితే ఇట్లా బుడగలొస్తాయి, ఎన్నో కోట్ల ఏండ్ల కింద ఈ నేలంతా సముద్రం కింద ఉన్నప్పుడు, అడుగున పేరుకున్న మెత్తటి మడ్డి పొర మీద పొరగా గట్టిపడి రాయి అయింది, అందుకే మన బండలు ఆకుల్లాగా పలకలు పలకలుగా లేస్తాయి అని పిల్లలకు చెబుతున్నాను. తలెత్తి చూస్తే ఆయన చెప్పులు విడవకుండా అక్కడే నిలబడి ఉన్నాడు, తరువాత లోపలికి వెళ్లిపోయాడు. మర్నాడు సాయంత్రం యూనిట్ నుంచి పాత రంగు డబ్బాలో, రాళ్లు కోసేటప్పుడు పారే తెల్లటి బురద పట్టుకొచ్చి నా ముందు పెట్టాడు. దాన్ని, నల్లరేగడిని, ఇసుకను పచ్చళ్ల గాజు సీసాలో నీళ్లతో కలిపి గట్టిగా ఊపి కిటికీలో పెట్టాం. తెల్లారేసరికి అడుగున ఇసుక, దాని మీద మన్ను, అన్నిటికంటే పైన తెల్లటి మెత్తటి పొర. డ్యూటీకి పోతూ పోతూ ఆయన సీసా ముందు వంగి చూశాడు.

"నేను రోజు కోస్తున్నది సముద్రం అడుగునా, చెల్లె?"

అవునన్నాను. ఆయన తన అరచేతులు ఒకసారి చూసుకుని, టిఫిన్ డబ్బా తీసుకుని వెళ్లిపోయాడు. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో బషీరాబాద్ మాట ఎత్తలేదని చాచీ చెప్పింది. అయినా పరీక్షలు ముందున్నాయి, నదులూ వాటి పరీవాహక ప్రాంతాలూ అనే కొరకరాని పాఠం ఇంకా మిగిలే ఉంది.

దానికోసం వాకిట్లో మట్టిని పొడుగ్గా గుట్టలా పోసి, దాని నెత్తి మీద చెంబుతో నీళ్లు పోశాం. నీళ్లు కొన్ని ఇటు, కొన్ని అటు జారి, వేరు వేరు దారులు చేసుకున్నాయి. అనంతగిరి కూడా ఇట్లాంటిదే, దాని మీద ఒక పక్క పడ్డ వాన మూసీ అయి హైదరాబాద్ వైపు పోతుంది, ఇంకో పక్క పడ్డది కాగ్నా అయి మన తాండూరు మీదుగా కర్ణాటకలోకి పోతుంది అని చెబితే, చాచీ బిడ్డ నమ్మనట్టు చూసింది. చూడందే నమ్మవద్దని నేర్పింది నేనే కదా. అయితే చూద్దాం పదమన్నాను.

పదమన్నంత సులువుగా కాలేదు. ఆడపిల్లల్ని వానాకాలంలో కొండల్లోకి తీసుకుపోవడమేమిటని మా ఇంట్లో, వాళ్లింట్లో ఒకే రకంగా అన్నారు. కొండ మీద దేవుడున్నాడు కదా, నేను కూడా వస్తానని మొదట మెత్తబడ్డది అత్తమ్మే. కందిపప్పు కోపం ఆవిడ మరిచిపోయిందని అప్పుడు తెలిసింది. అత్తమ్మ వస్తుందంటే చాచీ వస్తానంది, వీళ్లందర్నీ ఒంటరిగా పంపలేక ఆవిడ భర్త సెలవు పెట్టాడు. తాండూరులో ప్యాసింజరు ఎక్కి వికారాబాద్‌లో దిగి, అక్కడి నుంచి ఆటోలో ఇరుక్కుని కొండెక్కాం. తీరా చూస్తే ఆకాశం నిండా మబ్బులే గాని చినుకు లేదు. అత్తమ్మకు దర్శనం అయింది, తెచ్చుకున్న రొట్టెలు, పచ్చడి అయిపోయాయి, మధ్యాహ్నం దాటింది. బండి వేళవుతోంది, ఇంగ పోదామని ఆయన లేచాడు. పోదామని అందరూ లేచారు. నేను లేవలేదు. ఇంతదాకా వచ్చి, మట్టి గుట్ట మీద చెప్పిన మాటనే మళ్లీ నోటితో చెప్పి తీసుకుపోవడం నా వల్ల కాదు. బండి పోతే బస్సుంటదని, వాన పడేదాక నేను కదలనని చెప్పి, రోడ్డు వారగా ఉన్న ఒక రేకుల పాక కింద కూర్చున్నాను. నా మొండితనం ఎరిగిన అత్తమ్మ ముందుగా వచ్చి నా పక్కన కూర్చుంది, తరువాత ఒక్కొక్కరూ వచ్చారు.

వాన వచ్చింది. మాటలు వినపడనంత గట్టిగా కురిసి, తగ్గుముఖం పట్టగానే పిల్లలు రోడ్డు మిట్ట మీదికి పరుగెత్తారు. అక్కడ, ఇద్దరు మనుషులు పక్కపక్కన నిలబడేంత ఎడంలోనే, ఎర్రటి నీళ్లు రెండుగా చీలి, కొన్ని తూర్పు లోయలోకి, కొన్ని పడమటి లోయలోకి దిగుతున్నాయి. మా అమ్మాయి అటు, చాచీ బిడ్డ ఇటు తలా ఒక ఆకు వదిలారు. ఆకులు కనుమరుగయ్యేదాకా చూసి, తడిసిన దుపట్టా పిండుకుంటూ ఆ పిల్ల నా దగ్గరికి వచ్చింది.

"ఇంగ ఇవి రెండు ఎన్నటికి కలువయా ఖాలా?"

కలుస్తాయని చెప్పాను. మన కాగ్నా పోయి భీమలో కలుస్తుంది, భీమ పోయి కృష్ణలో కలుస్తుంది, హైదరాబాద్ చూసుకుని చాలా దూరం పోయిన మూసీ కూడా చివరికి కృష్ణలోనే కలుస్తుంది అన్నాను. అది వానలో నిలబడి వేలితో గాలిలోనే ఆ దారులు గీసుకుంది, ఒకటి అటు నుంచి, ఒకటి ఇటు నుంచి. వాళ్ల నాన్న కూడా చూస్తున్నాడని నాకు తెలుసు. ప్యాసింజరు పోనే పోయింది. తడిసిన బట్టలతో బస్సులో నిలబడి తాండూరు చేరేసరికి దీపాల వేళ దాటింది, దారి పొడుగునా ఎవరూ నన్ను ఒక్క మాటా అనలేదు.

అర్ధ సంవత్సరం పరీక్షలో ఆ పిల్లకు మార్కులు బ్రహ్మాండంగా ఏమీ రాలేదు, నడిమి రకంగా వచ్చాయి. కానీ కృష్ణానదిని ఉపనదులతో సహా గీసింది తరగతిలో అది ఒక్కతే. మార్కులు చెప్పడానికి వచ్చి, ఇద్దరికీ మధ్యనున్న గోడ మీంచే దూకి వచ్చింది, గేటు దాకా పోయే ఓపిక లేక. పదో తరగతి పాసయింది, ఇంటర్ చదివింది. సోషల్ టీచరు అవుతుందని నేను ఆశపడ్డాను. అది నర్సింగ్‌కు పోతానంది. కొంచెం చిన్నబుచ్చుకున్న మాట నిజమే. కానీ తనకేం కావాలో ఎదురుగా నిలబడి చెప్పడం అది నేర్చుకున్నందుకు లోపల సంతోషించాను. ఇప్పుడు హైదరాబాద్‌లో ఒక ఆసుపత్రిలో పెద్ద నర్సు.

నా సంగతి వేరే మలుపు తిరిగింది. ఆ మార్కులొచ్చిన సాయంత్రం ఆ పిల్ల నాన్న మిఠాయి పొట్లంతో మా గుమ్మంలోకి వచ్చి, మా ఆయన ఎదుటే అడిగాడు.

"ఇంత మంచిగ చెప్తవు, మరి నువ్వెందుకు చదువు బందు పెట్టినవ్ చెల్లె?"

చాలా రోజులు ఇంట్లో ఆ ప్రశ్న మా మధ్యనే తిరిగింది. చివరికి నలభైకి దగ్గరపడుతున్న వయసులో దూరవిద్యలో డిగ్రీకి కట్టాను, అత్తమ్మకు కాళ్లు పడుతూ పాఠాలు పైకి చదువుకున్నాను, ఆవిడ కునుకు తీస్తూనే ఊఁ కొట్టేది. ఆ తరువాత బీఎడ్. వికారాబాద్‌లో ఒక ప్రైవేటు బడిలో చేరినప్పుడు నాకంటే చిన్నవాళ్లంతా నాకంటే సీనియర్లు. కర్ర, బత్తాయి, పచ్చళ్ల సీసా సంచీలో వేసుకుని తరగతికి వెళ్లే నన్ను చూసి వాళ్లు నవ్వుకునేవారు. నవ్వితే నవ్వనీ అనుకున్నాను. మోకాళ్లు సహకరించినంత కాలం చెప్పాను.

అత్తమ్మ లేదు, చాచీ కూడా లేదు. తాండూరులో మా ఇంటి స్థలంలో ఇప్పుడు దుకాణాలున్నాయి. నాపరాళ్ల ఊళ్లోనే కొత్త ఇళ్లకు టైల్స్ వేస్తున్నారు. అనంతగిరి రోడ్డు మీద ఆదివారం వస్తే కార్ల వరుసే గాని, నీళ్లు ఎటు చీలుతున్నాయో చూసే తీరిక ఎవరికీ కనిపించదు. ఇప్పటి పిల్లలకు తెలివి తక్కువని నేననను. మా మనవరాలికి ఈ వయసులో తెలిసినన్ని సంగతులు నాకు పెళ్లినాటికి తెలియవు. అడగబోయే మాట నోట్లో ఉండగానే జవాబు దాని చేతిలో వెలుగుతుంది. తెలియనిదాన్ని కాసేపు తెలియనిదిగానే ఉంచుకుని, దాని పక్కన కూర్చునే ఓపికే, ఆ ఓపికలో ఉండే రుచే, దానికెలా చూపించాలో నాకు తోచడం లేదు. అలాగని ఊరుకోవడమూ చేతకాదు.

మొన్న సాయంత్రం మబ్బు పట్టింది. వాన వస్తుందేమో చూద్దాం రమ్మని బాల్కనీలో దానికొక కుర్చీ వేశాను. అది ఫోన్ చూసి, అమ్మమ్మా, ఈరోజు రాదంట అంది. పోనీలే, ఫోన్ లోపల పెట్టి వచ్చి కూర్చోమన్నాను. బతిమాలితే వచ్చింది. గాలి ఎటు నుంచి వీస్తుందో, పిట్టలు ఎటు పోతున్నాయో ఇద్దరం చూస్తూ చీకటి పడేదాకా కూర్చున్నాం. వాన రాలేదు. రేపు కూడా కూర్చుందామా అని అడిగితే అది భుజాలెగరేసి లోపలికి పోయింది. కుర్చీ మాత్రం నేను తీయలేదు.